నాలుగు నిమిషాల ఎండ

నవంబరు చివర్లో కొండ వెనక్కి జారినవాడు
ఇవాళ పన్నెండు కొట్టాక
మా ట్రోమ్సో ఊరికి మళ్ళీ మొహం చూపించాడు.
నాలుగంటే నాలుగే నిమిషాలు.

బడిపిల్లలు వీధి మలుపులో నిలబడి
జామ్ కూరిన బన్నులు కొరుకుతూ ఒకటే కేకలు.
బేకరీ టోర్‌బ్యోర్గ్ పిండి చేతులతోనే బయటికొచ్చి
కళ్ళు మూసుకుని
ముద్దుకి చెంప ఇచ్చినట్టు ఎండకి మొహం ఇచ్చింది.

సెలవు పెట్టుకుని మరీ వచ్చిన నేను
సూర్యుణ్ణి చూడలేదు.
నా తెల్ల వోల్వో వెనక తలుపు
ఎవరో మోకాలితో కుమ్మిన సత్తు గిన్నెలా
లోపలికి పోయి ఉంది.
సొట్టలో దోసెడు ఎండ.

ఎప్పటిదో ఇది.
పొద్దున చీకట్లో మంచు గీకి బయల్దేరడం,
సాయంత్రం చీకట్లో దిగి తాళం వేయడం.
మధ్యాహ్నం కాసేపు నీలంగా తెల్లారినట్టుండే వేళకి
నేను పడవల షెడ్డులో, ఏదో ఇంజను కింద.
ఆ తలుపుని చేత్తో తడిమాను కూడా.
గడ్డకట్టిన మంచు అనుకున్నాను.

గుద్దినవాడు దిగి చూశాడా?
ఇంజను ఆపకుండా అలాగే కూర్చుని
ఏ కిటికీలోనూ తెర కదల్లేదని నమ్మకం కుదిరాక
మెల్లగా గేరు మార్చాడా?
వైపరు కింద చీటీ లేదు.
పెట్టి ఉంటే మంచు తినేసి ఉంటుంది.
ఆపాటి మర్యాద అతనికి రోజుకొకసారి ఇస్తున్నాను,
కాఫీ తాగేలోపు వెనక్కి తీసుకుంటున్నాను.

ఇన్సూరెన్స్ కాగితం అడుగుతుంది:
ప్రమాదం జరిగిన తేదీ. సమయం. సాక్షులు.
అప్పుడు వెలుతురు ఎలా ఉంది?
లేదు, అని రాశాను.
ఫోన్లో అమ్మాయి, ఓస్లో పిల్లై ఉంటుంది,
"లేదంటే, రాత్రి అనా?" అంది.
"కాదమ్మా, డిసెంబరు" అన్నాను.

మొదటి ఆరువేల క్రోనర్లు నా వాటాట.
వాటా అంటే పంపకంలో చేతికి వచ్చేదనుకున్నా ఇన్నాళ్ళూ.

సొట్ట అంచున నీలం గీత.
వీధిలో నీలం బళ్ళు మూడు.
పైనింటి ఐలిఫ్‌ది ఒకటి; ఎనభై ఆరేళ్ళు,
ఎడమ కన్ను ఆనదు,
నిరుడు నేను జ్వరంతో పడుంటే ఎండుచేప తెచ్చి గుమ్మానికి తగిలించి పోయాడు.
కవలల తల్లి ఇంగ్‌విల్‌ది ఒకటి.
ఆ మనిషి నిద్రపోయి ఎన్నాళ్ళైందో కళ్ళే చెబుతాయి.
మూడోది మునిసిపాలిటీది,
రాత్రుళ్ళు మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి నర్సులు తిరిగేది.
వేలెత్తి చూపడానికి నాకొక వెధవ కావాలి.
ఈ వీధిలో దొరకడం లేదు.

పగటి వెలుతురులో ఫోటోలు పంపమన్నారు.
మర్నాడు మళ్ళీ సెలవు.
ఫోను పట్టుకుని కొండ అంచు కేసి చూస్తూ
బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డాను.
వచ్చాడు.
తలుపుకి మూడు తీసి,
అన్నివైపులా కావాలన్నారు కదా అని ముందుకొచ్చాను.

బంపరు కుడి మూల
వేలెడంత ఎర్రరంగు.

డిసెంబరు మొదటివారం.
కొండవీధి దిగుతున్నాను.
దబ్బుమని ఒక చప్పుడు.
మంచుపెళ్ళ అనుకున్నాను.
రేడియోలో కాడ్ చేప ధరలు చెబుతున్నారు,
వినపడలేదని కొంచెం గొంతు పెంచాను.

ఆ దారిలో ఎర్రగా ఏముంటాయి?
పోస్టుపెట్టెలు.
హెల్గా వాళ్ళ కంచె.
పిల్లల స్లెడ్జీలు.

గోటితో గీకబోయి ఆగాను.
దానికీ ఒక ఫోటో తీశాను.
ఎవరికి పంపాలో తెలీక
ఫోను జేబులో పెట్టుకున్నాను.

వెళ్ళిపోయాడు.
రేపు ఇంకాస్త ఎక్కువసేపు ఉంటాడట.