ఎనిమిది వేల దగ్గర

సువర్చలకు ఐదువేలని చెప్పాను.
జేసీ రోడ్డులో అడుగుపెట్టాక అది ఆరున్నర అయింది,
తలుపుల్లోపల అంటించే తారు షీటుతో కలిపి ఎనిమిది.
"షీటు లేకుంటే డబ్బా మోతే సార్, చెప్తా ఉండా"
అన్నాడు ఖలందర్,
కన్నడలో మొదలుపెట్టి, నా మొహం చూసి
మదనపల్లె తెలుగులోకి గేరు మార్చి.

కారు చిన్నది. నాకంటే ముందు ఇద్దరు నడిపింది.
ఒక చక్రం మోరీ పలక మీదికెక్కించి
రోడ్డు వారనే ఆపరేషన్.
ప్లాస్టిక్ గరిటెలాంటిది సందులో దూర్చి
తలుపు తోలు ఒలిచాడు.
క్లిప్పులు టప్ టప్‌మని ఊడాయి.
ఒకటి విరిగింది. ఇద్దరం చూడనట్టే ఉన్నాం.

లోపల ఎవరి పిల్లదో జడపిన్ను.
అక్షరాలు వెలిసిన ఆసుపత్రి పార్కింగ్ చీటీ.
అద్దం దించినప్పుడల్లా గలగలమనే రూపాయి బిళ్ళ —
ఇన్నాళ్ళూ అది ఇంజను జబ్బనుకున్నాను.

కంపెనీ స్పీకరు బయటికొచ్చింది.
నల్లకాగితం, వానకు ఉబ్బిన అంచులు,
వెనక సోడామూతంత అయస్కాంతం.
"ఇంతేనా?"
"ఇంతే సార్. దీంట్లోనే మీరు ఇన్నేండ్లు పాటలు విన్నింది."
తప్పు చేసినవాడిలా నవ్వాను.

కొత్తది రెండు ముక్కలు.
పెద్దది తలుపులో. అద్దం మూలన ఉసిరికాయంతది, ట్వీటరు.
సన్నటివన్నీ దీనివేనట:
తాళం, గజ్జె, గొంతు చివరి గాలి.

పరీక్షకు ఒక కూత పెట్టాడు.
అడుగునుంచి మొదలై
మెట్లు లేకుండా పైకెక్కే కూత.
ముందు సీటు వణికింది. తర్వాత అద్దం.
తర్వాత ఈల. తర్వాత సూది.
తర్వాత ఏమీ లేదు.
"అయిపోయిందా?" అన్నాను.

వెనక సీట్లో ఇందుజ చెవులు మూసుకుని ఉంది.
స్పానరు పట్టుకున్న కుర్రాడు పళ్ళు బిగించాడు.
రోడ్డవతల కుక్క తలెత్తింది.
ఖలందర్ ఫోను తిప్పి చూపించాడు.
నేను దిగిపోయిన చోటు ఎనిమిదివేలు. రూపాయలు కాదు.
అంకె ఇంకా ఎక్కుతూనే ఉంది,
పన్నెండు, పదమూడు, పద్నాలుగు.

ఇరవైరెండేళ్ళు పీణ్యలో పవర్ ప్రెస్సు ముందు.
నిమిషానికి నలభై దెబ్బలు.
చెవుల్లోకి దూది ఇచ్చేవాళ్ళు.
దూది పెట్టుకుంటే సూపర్‌వైజరు పిలుపు వినపడదని
తీసి జేబులో వేసుకునేవాళ్ళం.
ఆ పైవి ఎప్పుడు పోయాయో తెలీదు.
పోయేటప్పుడు చప్పుడు చేయలేదు.

"వినపళ్ళేదా సార్?"
"వినపడింది" అన్నాను.
డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాను.

పాతవి వందకు అడిగాడు. ఇవ్వబుద్ధి కాలేదు.
క్యారీబ్యాగులో చుట్టి పక్క సీటు కింద పెట్టాను.
నేను వినగలిగినంతే పలికేవి అవి.
నాకంటే ఎక్కువ తెలుసని ఒక్కరోజూ అనలేదు.

తలుపు వేస్తే గోదాము తలుపులా దబ్బుమంది.
టౌన్‌హాల్ దగ్గర పాట పెట్టాను.
నిజమే, మద్దెల ఇప్పుడు పొట్టలోకి వస్తోంది.
పల్లవికి ముందు పాడేవాడు
గుటక మింగుతాడని ఇన్నేళ్ళకు తెలిసింది.
పైన ఇంకేదో జరుగుతోందని మాత్రం
అద్దంలో ఇందుజ మొహం చెబుతోంది.

"ఏముంది అక్కడ?"
"చిన్న గంటల్లాంటివి నాన్నా. రాలుతున్నట్టు.
నీకూ..." అని ఆగిపోయింది.

హడ్సన్ సర్కిల్లో ఎర్రలైటు.
సీట్ల మధ్యనుంచి వంగి
గేరు మీది నా చేతిపైన చిటికెనవేలు పెట్టింది.
గంట పడ్డప్పుడల్లా ఒక తట్టు.
రెండు. ఖాళీ. గబగబా మూడు.
మళ్ళీ చాలాసేపు ఏమీ లేదు,
వేలు మాత్రం తీయలేదు.

సిగ్నలు అంకె తొంభైరెండు.
వెనకవాడు అప్పుడే హారను మొదలుపెట్టాడు.
అది నాకు బాగానే వినిపిస్తుంది.