నలభై ఎనిమిదో తట్ట

పర్లాకిమిడిలో ఇప్పటికీ దీన్ని యూనివర్సిటీ అనే అంటారు.
యూనివర్సిటీ వెళ్లిపోయి ఇరవై రెండేళ్లు.
బెంచీలు లారీ ఎక్కి ఊరవతలి అద్దాల మేడకి పోయాయి,
గోడలు లారీలో పట్టక ఉండిపోయాయి.
ఆ ఖాళీలోకి పుస్తకాలొచ్చాయి,
పుస్తకాల వెనకాల నేనొచ్చాను,
దబ్బనం, నారదారం, మైదా తపేలాతో.

పుస్తకాల వీపులు కుట్టడం నా పని.
ఈ మేడనీ వీపు వైపు నుంచే చదివాను.
ముందు తొమ్మిది కమానులు, దొరల కోసం, ఫొటోల కోసం.
వెనక మూడడుగుల మందం గోడ, ఎవరూ చూడనిది.
బరువంతా దానిదే.

రసాయనశాస్త్రం గదిలో ఇప్పుడు ఒడియా పత్రికలు.
నల్లరాతి బల్లకు యాసిడ్ తిన్న గుంటలున్నాయి,
వాచ్‌మన్ దుర్యోధన బెహరా వాటిలో
తమలపాకుల సున్నం దాచుకుంటాడు.
భౌతికశాస్త్రం గది కప్పుకి ఇత్తడి కొక్కెం,
ఒకప్పుడు లోలకం ఊగేదట.
ఇప్పుడేమీ వేలాడదు.
దాని కింది కుర్చీలో మాత్రం ఎవరూ కూర్చోరు.
పరీక్షల హాలులో, బర్మా టేకు దూలాల కింద,
తెలుగుకి రెండు బీరువాలు, చీపుళ్ల పక్కన.
ఫిర్యాదు కాదు.
రోజూ ఊడ్చేచోట చెద తక్కువ.

మా తాత బెవర గవరయ్య ఈ గోడలకి సున్నం మోశాడు.
గానుగలో ఇసుక, సున్నం, బెల్లం నీళ్లు, కరక్కాయ ఊట.
"సున్నం ఊపిరి తీస్తాది గుంటా,
మనం సచ్చినా అది తీస్తానే ఉంటాది" అనీవోడు.
నేను మైదాలో మైలుతుత్తం కలుపుతాను, పురుగు ముట్టకుండా.
ముప్పై ఆరులో కొత్త రాష్ట్రం గీత పడేనాటికి
కప్పింకా పడలేదట.
పునాది మద్రాసులో వేసి కప్పు ఒడిశాలో వేశారు,
మేడ అంగుళం కదలకుండా.

తిత్లీ తుఫాను తర్వాత ఇంజనీరు సిమెంటు పూయించాడు.
సిమెంటు ఊపిరి బిగబట్టే రకం.
గోడ ఉబ్బి ఉబ్బి, మొన్న జ్యేష్ఠంలో,
తెలుగు బీరువా వెనక
మంచమంత పెచ్చు ఊడి పడింది.

లోపల బొగ్గు రాత. ౧, ౨, ౩...
దుర్యోధన "మావే" అన్నాడు.
నిజమే, ఒకటీ రెండూ మూడూ వాళ్లవీ అలాగే ఉంటాయి.
ఐదు దగ్గర దారి చీలింది,
ఏడు దగ్గర మళ్లీ కలిసింది.
ఫారెస్ట్ గార్డు పరీక్షకు చదివే సవర పిల్ల
సులామి గొమాంగో, పెన్సిలు చెవి మీద పెట్టుకుని వచ్చి
"ఏ భాష మామా ఇది?" అంది.
"కూలి లెక్క" అన్నాను.

నాకీ అంకెలు బడి నేర్పలేదు.
పాత పుస్తకాల ఫారాలకి అడుగున ఉండేవి,
వరస తప్పకుండా కుట్టుకోడానికి.
వేలు పెట్టి చదివాను. తట్టలే అయుంటాయి.
నలభై ఏడు దగ్గర ఆగింది.
వానొచ్చిందో, సున్నం అయిపోయిందో,
మోసేవాడు పరంజా మీంచి జారాడో.
తాతకి ఎడంకాలు కుంటు.
ఎందుకని ఎప్పుడూ అడగలేదు నేను.
ఆయన రాతో కాదో కూడా తెలీదు.
అయ్యకి చదువు రాదని అమ్మ అనేది.

సోమవారం మేస్త్రీ వచ్చాడు.
గానుగ సున్నం పెట్టమన్నాను.
బడ్జెట్లో సిమెంటే రాసుందన్నాడు.
పాపం, చేయి మంచిది, నున్నగా పూశాడు,
మధ్యాహ్నానికల్లా మళ్లీ ఉత్త గోడ.

సాయంత్రం, విడిపోయిన పంచాంగాల కట్ట ఒకటి
కుట్టడానికి ముందేసుకున్నాను.
ఫారాలకి పెన్సిలుతో వరస వెయ్యాలి.
ఒకటి నుంచి మొదలెట్టడం పద్ధతి.
లైబ్రేరియన్ పట్టుకుంటే అరుస్తాడు.
మొదటి ఫారం మూలన
౪౮ అని వేసి
దారానికి మైనం రాశాను.