నాలుగో రీలు

గ్లాస్గోలో, గోవన్ పేటలో, పాత ఓడల కార్ఖానా వెనక
కిటికీల్లేని గది నాది.
నేల మీద చదరాలు: గులకరాయి, తారు, చెక్క, తడిమట్టి,
ఇంకా ఏవేవో, అన్నీ ఎవరో ఒకరు నడిచి వెళ్ళిపోయినవే.
తెర మీద మనిషి అడుగేస్తే
ఇక్కడ నా పాదం దానికి చప్పుడిస్తుంది.
ఎముక విరగాలంటే సెలరీ కాడ.
మంచు కావాలంటే తోలు సంచిలో మొక్కజొన్న పిండి.
పద్దెనిమిదేళ్ళుగా అబద్ధపు చప్పుళ్ళతో
నిజాయితీగా బతుకుతున్నాను.

ఈసారి డాక్యుమెంటరీ.
ముసుగులేసుకున్న పన్నెండుమంది,
సర్కారు మనుషులు కారు, సర్కారుకి తెలియనివాళ్ళూ కారు,
డెబ్భైల్లో ఒక రాత్రి ఒక వీధిలోకి వస్తారు.
దర్శకురాలు ఐలా స్ట్రాకన్ రాసి పంపింది:
"బూట్లు. బరువుగా. గుండెలో దిగాలి."
మిలిటరీ పాత సరుకు కొట్లో దొరికిన జత,
సైజు పది, మేకులు కొట్టిన అడుగు.
రెండేసి మేజోళ్ళు తొడిగి
పన్నెండుమందినీ నేనొక్కదాన్నే నడిచాను,
పన్నెండుసార్లు, తారు చదరం మీద.
ఒక్కొక్కడికి ఒక్కో బరువు. ఆరోవాడికి కాస్త కుంటి.
విని నాకే వెన్ను జలదరించింది.
గర్వపడ్డాను, దాచడమెందుకు.

మర్నాడు సలహాదారు వచ్చాడు.
డెస్మండ్ మకిల్వేన్, డెబ్భైనాలుగేళ్ళు.
అటు జైల్లో పన్నెండు, సముద్రం దాటి ఇటొచ్చి నలభై.
టోపీ ఒళ్ళో పెట్టుకుని చూశాడు.
టీలో మూడు చెంచాల చక్కెర.
నాలుగో రీలు అయ్యాక అడిగాడు:
"ఎవరిదమ్మా ఆ చప్పుడు?"
నాదే అన్నాను.
"మాకు బూట్లెక్కడివి?
కాన్వాసు జోళ్ళు. బేకరీలో షిఫ్టు దిగి అలాగే వెళ్ళాను,
లేసుల్లో ఇంకా పిండి.
మేం రావడం ఎవరూ వినలేదు.
తలుపు తన్నలేదు కూడా.
తట్టాం. రెండుసార్లు. పాలవాడు తట్టినట్టు.
ఆయన 'వస్తున్నా' అన్నాడు."

ఆ తర్వాత చాలాసేపు
యంత్రంలో ఫ్యాను ఒక్కటే తిరిగింది.
అతన్ని క్షమించే పని నాది కాదు.
అతను తాగిన కప్పు మాత్రం
రెండుసార్లు కడిగాను.

మా జనగామ వైపు
రజాకార్ల సినిమా ఏది చూసినా గుర్రాలే,
దుమ్మే, అదిరిపడే డప్పులే.
మా మేనత్త నర్సవ్వ టీవీ ముందు పెదవి విరిచేది:
"గుర్రాలేడియే? మా ఊరికి సైకిళ్ల మీదొచ్చిన్రు.
గంట గొట్టుకుంట.
పిల్లలం ఉరికినం, సూద్దామని."
ఆ గంట ఏ సినిమాలోనూ నాకు వినపడలేదు.
అడిగిన వాళ్ళూ లేరు.

ఆ రాత్రి బూట్లు విప్పేశాను.
ధర్మాసుపత్రి నిధి కోసం పాత బట్టలమ్మే కొట్లో
రెండు పౌండ్ల కాన్వాసు జత.
పన్నెండుమందిని మళ్ళీ నడిచాను.
మీటరులో ముల్లు లేవనే లేదు.
వాన, దూరంగా ఎవరి రేడియోనో,
తర్వాత తలుపు మీద వేలి కణుపులు, రెండుసార్లు.
వీధి మొత్తంలో వినిపించే అడుగులు ఒక్కడివే,
లోపల చెప్పులీడ్చుకుంటూ
గడియ తీయడానికి వస్తున్నవాడివి.

ఐలా విన్నది. చాలాసేపటికి జవాబిచ్చింది:
"నిజమే కావచ్చు.
కానీ వాళ్ళొచ్చారని జనానికి తెలిసేదెట్లా?"

మొదటి ప్రదర్శనలో బూట్లే మోగాయి.
నా బూట్లే. ఆరోవాడి కుంటితో సహా.
పక్కసీటామె కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.
ఇలాంటివాళ్ళు వస్తే
దూరం నుంచే తెలిసిపోతుందన్న ధైర్యంతో
ఇంటికెళ్ళి ఉంటుంది.
డెస్మండ్ రాలేదు.

నిన్న పొద్దున మా తలుపు ఎవరో తట్టారు,
రెండుసార్లు, మెత్తగా.
పార్సిలు కుర్రాడే అయ్యుంటాడు.
'వస్తున్నా' అనబోయి
ఏ జోళ్ళేసుకున్నాడో విందామని
ఆగాను.