మొగిలి ఘాటు, ఫస్టు గేరు

పలమనేరు దాటేదాకా మంచు మంచుగానే ఉండె.
ఘాటు మొదట్లో గోడయింది.

మదనపల్లె మండీలో ఆరువందల బాక్సుల టమోటా ఎత్తి
బయల్దేరేటప్పటికి పదకొండు.
"ఐదుకల్లా కోయంబేడులో ఉండాల,
దాటితే రేటు పడిపోతాది" అన్నాడు ఖాదర్ సేటు,
మఫ్లరు చెవుల మీదికి లాక్కుంటా,
మా ఇద్దరికీ కలిపి ఒక టీ చెప్పి.

లైట్లు వేస్తే వెలుతురు తిరిగొచ్చి నా మొహాన్నే కొడతాది.
ఆర్పితే బానెట్టు కూడా కనపడదు.
ఉండే వైపర్లలో పనిచేసేది ఒకటే,
అదీ క్లీనరు చెంగల్రాయుడి పక్కది.
వాడు నా అద్దానికి పొగాకు నలిపి రుద్దినాడు,
సబ్బు ముక్క రుద్దినాడు,
ఆఖరికి అరచెయ్యి.
లోపల్నుంచి మా ఊపిరే నీళ్లై కారతా ఉండాది.

"అన్నా, నేను దిగి ముందర నడుస్తా."

పంతొమ్మిదేండ్లు వాడికి.
ఎల్లెల్లారు కాగితం జేబులో మడత పెట్టుకొని
ఒక్కసారి స్టీరింగు ఇయ్యన్నా అని ఆరు నెలలుగా అడగతా ఉంటే
"నీకు కుడీ ఎడమా తెలీదు పోరా" అన్నది నేనే.

తెల్ల తువ్వాలు కప్పుకోబోతే ఆపినా.
తెల్లదాంట్లో తెల్లది ఏం కనిపిస్తాదిరా?
సీటు యెనక మా రెడ్డెమ్మ మడిచి పెట్టిన ఎర్ర దుప్పటి,
కలరా ఉండల వాసనతో సహా, వాడి భుజాన వేసినా.

ఎర్ర దుప్పటి ముందర పోతాది,
ఆరు చక్రాలు దాని యెనకాల పోతాయి.
వాడు ఒంగిన పక్కకి నేను ఒంగతా.
కుడి చేతి పక్కన లోయ ఉండాల.
అది ఉండాల్సిన చోట
అప్పుడే ఏకిన దూది మాదిరి ఏదో,
మెత్తగా, రమ్మన్నట్టుగా.

ఇరవై రెండేండ్ల లైసెన్సు నాది.
ఆ రాత్రి బండి నడిపింది వాడు.
నేను ఉత్త క్లచ్చుని.

మూడో మలుపు కాడ దుప్పటి నిలబడిపోయింది.
హారను మీదికి పోయిన చెయ్యి యెనక్కి తీసుకున్నా.
ముందు వాసన వచ్చింది:
తడిసిన గడ్డి, పేడ, పచ్చి వెదురు విరిగిన వాసన.
ఇంజను ఆపినా.
ఆపినాకే తెలిసింది ఎంత మోతలో బతకతా ఉండామో.

మంచులో, మంచుకంటే నల్లగా ఒకటి కదిలింది.
దాని యెనక ఇంకొకటి.
దాని కాళ్ల సందున చిన్నది.
కౌండిన్య అడివిలోంచి చెరుకు తోటలకి పోతా ఉండాయి,
వాటికీ ఏదో మండీ, ఏదో టయిము.
నేను లెక్క పెట్టలా.
ఒకటి మాత్రం లారీని ఆనుకొని నిలిచింది.
టార్పాలిను కిందికి తొండం దూర్చి
సంతలో ముసలామె వంకాయలు నొక్కినట్టు
రెండు బాక్సులు నొక్కి చూసి,
బేరం కుదరనట్టుంది, పోయింది.

చెంగల్రాయుడు?
రోడ్డు నడిమధ్యన, దుప్పటి నెత్తిమీదికి లాక్కొని
కిలోమీటరు రాయి మాదిరి కూచొని ఉండాడు.

లేపితే పండ్లు టకటకమంటా ఉండాయి.
చలికా భయానికా అని నేను అడగలా.
ఇంజను మూత మీద చేతులు పెట్టించినా.
వేళ్లు ఒక్కొక్కటీ తెరుచుకునేదాకా చూసినా.
చానాసేపటికి
"చిన్నదానికి తోక లేదన్నా" అన్నాడు.
అంతే.

బంగారుపాళ్యం కాడ మంచు పలచబడింది.
టీ బంకాయన స్టవ్వుకి గాలి కొడతా ఉండాడు.
ఐదు అక్కడే అయిపోయింది.
సేటు ఫోను మోగతానే ఉంది, మోగనిచ్చినా.
దిగి, బండి చుట్టూ తిరిగి పోయి,
ఎడమ సీట్లో కూచున్నా.
వాడు నా మొహం చూసినాడు.
"ఏమిరా చూస్తావు? కుడీ ఎడమా తెలిసిందిలే. ఎక్కు."

రెండుసార్లు బండి ఆగిపోయింది.
మూడోసారి
యెనక ఆరువందల బాక్సులు కిర్రుమని
లారీ ముందుకు జరిగింది.

వైపరు పనిచేసే పక్కన కూచుంటే
రోడ్డు ఇంత బాగా కనిపిస్తాదని
ఇన్నేండ్లూ నాకెవురూ చెప్పలా.