కరెంటు వచ్చేదాకా

నగరిలో మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోతే
మా షెడ్డులో పదహారు మరమగ్గాలు ఒక్కసారిగా నోరు మూస్తాయి.
చెవుల్లో రొద మాత్రం ఇంకో పావుగంట నేస్తూనే ఉంటుంది.
ఆ రొదలోనే నూలు గోతం పరిచి
ఏకాంబరం ముక్కలు కలుపుతాడు.

రెండు కట్టలు కలిపితే నూట మూడే.
పోయిన ఆఠీను ఏడుకు బదులు
మాత్రల డబ్బా అట్ట, దాని మీద పెన్నుతో ఏడు.
అది ఎవరి చేతిలో ఉందో వీపు చూస్తేనే తెలుస్తుంది.
తెలియనట్టే ఆడతారు అందరూ.

చెంగల్రాయుడు మామ
ఇరవై రెండేళ్లుగా ఓడిపోతున్నాడు.
మూడు రాజులు చేతికొస్తే చాలు,
నాలుగోవాడి కోసం
వీధి చివర ఊరేగింపు ఆగిపోయినట్టు కూర్చుంటాడు.
లైఫ్ లేదు. చేతి నిండా బొమ్మలు. ఎనభైకి ఎనభై.
"డ్రాప్ అయిపో మామా" అంటే
"ఇంటికొచ్చినోళ్ళను యాడికి పొమ్మంటావురా" అంటాడు
రాజుల్ని సర్దుకుంటూ.

కండెలు చుట్టే పొన్నమ్మ ఆడదు.
ఎవరి వెనక నిలబడితే
వాళ్ళ ముక్కలన్నీ ఆమె మొహంలో కనిపిస్తాయి.
ఆమెను పక్కకు పొమ్మన్నవాడు ఇంతవరకూ లేడు.

పోయిన ఎండాకాలం నేను నేర్చుకున్నాను.
ఎవరు ఏది ఎత్తారు, ఏది పారేశారు,
ఏ రంగు ఎన్ని దాటింది,
రాత్రిళ్ళు మిద్దె మీద పడుకుని వేళ్ళ మీద లెక్క.
పదిహేను రోజుల్లో
నలభై టీలు, లెక్కలేనన్ని బోండాలు గెలిచాను.
ఎవరూ కోప్పడలేదు.
ఏకాంబరం భుజం కూడా తట్టాడు.

కానీ ఒక రోజు
చెంగల్రాయుడు మామ ముక్క వేయబోయి ఆగాడు.
ఆలోచించాడు.
ఆ మొహం నేను ఇంతకుముందు చూశాను:
శనివారం సాయంత్రం
ఓనరు గుడ్డను బల్ల మీద పరిచి
టార్చిలైటు వేసి, తప్పిన పోగు మీద
గోటితో గీత పెడుతున్నప్పుడు.

ఆ రోజు కరెంటు ఎప్పుడొస్తుందా అని
అందరూ బల్బు వైపే చూశారు.

పగలంతా పడుగులో దూరే పేక.
అది ఒక్కటి తప్పితే కూలిలో కోత.
ఇదీ పేకే.
దీంట్లో ఎన్ని తప్పినా ఒక టీ.

అయినా ఊరుకోలేక అడిగాను.
"నేర్పిస్తా మామా, వారం చాలు."
"నేర్చుకుంటే నాకు రావాల్సిన ముక్క వస్తాదా?"
"రాదు. రాదని ముందే తెలుస్తాది."
"అది నాకిప్పుడూ తెల్సు లేరా.
ముందు నువ్వు ముక్కెయ్."

వేశాను.
అప్పట్నుంచి తప్పు ముక్కలే వేయాలని చూస్తున్నా.
ఏది తప్పో తెలిసి వేసేది తప్పెట్లా అవుతుంది?
వీళ్ళలాగా ఓడిపోవడం నాకు చేతకావడం లేదు.
నా వెనక నిలబడ్డ పొన్నమ్మ
మొన్న ఏమీ అనకుండా
ఏకాంబరం వెనక్కి వెళ్ళిపోయింది.

నిన్న
నాలుగో రాజు నా చేతిలోనే ఉన్నాడు.
వేద్దామా, దాచుదామా,
వేస్తే మామకు అనుమానం వస్తుందా,
అని లెక్కపెడుతుండగానే బల్బు వెలిగింది.
ధన్ ధన్ మని మొదటి మగ్గం లేచింది.
ఎవరి ముక్కలు వాళ్ళు విసిరేసి పరిగెత్తారు.

సాయంత్రం ఏకాంబరం ఏరి లెక్కపెడితే నూట రెండు.
రాజు ఒకడు లేడు.
ఏ మగ్గం కింద నూనెలో పడ్డాడో!

ఈ రోజు చెంగల్రాయుడు మామ
బీడీకట్ట అట్ట మీద తానే ఒక రాజును గీసుకొచ్చాడు.
కిరీటం వంకర. కత్తి, నాడాలాగా ఉంది.
మీసాలు మాత్రం అచ్చం ఆయనవే.

రెండయింది.
కరెంటు ఇంకా పోలేదు.