చిన్న గిన్నె

కలబార్‌లో దిగిన మూడోరోజు
మా అత్తగారు ఆరిత్ కాచిన పెప్పర్ సూప్
ఒక్క చెంచా నోట్లో పెట్టుకున్నాను.
అంతే.
కాసేపు నా పేరు నాకే గుర్తు రాలేదు.
చెవుల్లో ఎవరో ఈల వేస్తున్నట్టు,
ముక్కూ కళ్ళూ కలిసి ఒకటే ఏరు,
ఆపైన ఎక్కిళ్ళు.
ఎక్కిళ్ళొస్తే ఎవరో తలుచుకుంటున్నారని
లుబ్లిన్‌లో మా అమ్మ అనేది.
ఆ పూట లుబ్లిన్ ఊరు ఊరంతా
నన్నే తలుచుకుంది.

గది నిండా చుట్టాలు. ఎవరూ నవ్వలేదు,
నవ్వకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డారో
వాళ్ళ భుజాలు చెప్పాయి.
అత్తగారు మాత్రం ఏమీ అనకుండా
ఉడికించిన యామ్ దుంప ముక్క ఒకటి
నా పళ్ళెంలోకి జరిపింది.
ఆమెకు పోలిష్ రాదు, నాకు ఎఫిక్ రాదు.
ఆ ముక్కే మా మొదటి మాట.

మర్నాటి నుంచి పొయ్యి మీద రెండు గిన్నెలు.
పెద్దది ఇంటికి, చిన్నది నాకు.
అదే చేప, అదే ఆకు,
ఒకదాంట్లో న్‌టోకోన్, ఒకదాంట్లో లేదు.
న్‌టోకోన్ అంటే మిరపకాయ.
నేను నేర్చిన మొదటి ఎఫిక్ మాట అదే,
రెండోది "వద్దు".
పక్కింటి పిల్లలు నా గిన్నెకి పేరు పెట్టారు:
జబ్బుమనిషి గిన్నె.
నాలుగేళ్ళు
ఒకే బల్ల దగ్గర కూర్చుని
వేరువేరు దేశాల్లో తిన్నాం,
నేనూ ఎఫియోమూ.

ఒకసారి పోట్లాడుకున్నాం.
అతని చెల్లెలి ఫీజు, నా విమానం టికెట్టు,
రెంటికీ ఒకటే డబ్బు.
కారాలూ మిరియాలూ నూరడమంటే
నేను నిజంగానే నూరాను.
వాట్ మార్కెట్లో కొన్న పసుపుపచ్చ బుడ్డ మిరపకాయలు పన్నెండు,
రోకలి నా పిడికిట్లో,
అతని పేరు నా పళ్ళ మధ్య.
ఆ చేత్తోనే కన్ను తుడుచుకున్నాను.

అతను పరుగెత్తుకొచ్చి
డబ్బాపాలు విప్పి, నా తల వెనక్కి వంచి,
కంట్లో పాలు పోశాడు చుక్కచుక్కగా,
మొహం మీద కోపం ఇంకా అలాగే ఉండగా.
నూరిన ముద్ద పారేస్తే పాపమంది అత్తగారు.
పులుసు కాచింది.
పెద్ద గిన్నెలోంచి గరిటెడు పోసుకున్నాను
ఎవరినీ అడక్కుండా.
ఏడుస్తూ తిన్నాను.
దేనికి ఏడుస్తున్నానో ఎవరూ అడగలేదు.
కారంతో ఉన్న సుఖం అది.

ఇప్పుడతనికి అరవై మూడు. కడుపులో పుండు.
డాక్టరు కాగితం మీద గీత గీసి మరీ రాశాడు:
కారం, పొగ, కోపం.
"మూడోది మా ఆవిడకి చెప్పండి" అన్నాడట.
మళ్ళీ రెండు గిన్నెలు.
చిన్నది ఇప్పుడు అతనిది.
అదే గిన్నె. పిడి ఊడితే తీగ చుట్టాం.

నేనూ మానేస్తానన్నాను. వారం మానేశాను.
ఉప్పూ కారం తినే మనుషుల్లా లేము మేము,
ఆసుపత్రి గోడల్లా
ఒకరికొకరం ఎదురుగా, తెల్లగా, శుభ్రంగా.
ఎనిమిదో రోజు అతనే లేచి
పెద్ద గిన్నె పొయ్యెక్కించాడు.
క్యాట్‌ఫిష్ కడిగాడు, ఎహూరు గింజలు వేయించాడు,
రుచి చూడకుండా, ఆవిరి పీల్చి ఉప్పు సరిచేసి
నా ముందు పెట్టాడు.
"నువ్వు తిను. నేను చూస్తా."

చూస్తాడు. రోజూ.
ఫుట్‌బాల్ మ్యాచ్ చూసినట్టు
నా ముక్కు కొన మీద చెమట పుట్టగానే
కుర్చీలో ముందుకు వంగుతాడు.
"ఎలా ఉంది?"
చెవులు మోగిపోతున్నా
"కారం తక్కువైంది" అంటాను.
"అబద్ధం" అంటాడు, తృప్తిగా.

నిన్న రాత్రి వాన. కరెంటు పోయింది.
జనరేటర్లో పెట్రోలు లేదు,
ఉన్నా లేచే ఉద్దేశం ఇద్దరికీ లేదు.
చీకట్లో నా పెదాలు వెతుక్కుని
పథ్యం తప్పాడు.
"స్స్..." అన్నాడు, పాపం, కొత్తవాడిలా.

పళ్ళెంలో యామ్ ముక్క మిగిలిందేమోనని
చేత్తో తడిమాను.
లేదు.
నేనే తినేశాను.