తరుగు

మా నాన్న ఓదెలు, ఎనుమాముల మార్కెట్ల దడువాయి.
ముప్ఫై ఏండ్లు కాంటా ముల్లును చూసి చూసి
ఆయన కండ్లు రెండూ
ఒక్క గీత మీద ఆగుడు నేర్చుకున్నయి.

ఆఫర్ కాగితం తెచ్చిన నాడు
చదివి చెప్పమనలేదు.
చేతిల పట్టుకొని కొంచెం పైకి లేపి చూసిండు,
మిర్చి బస్తా కొస పట్టినట్టు.
"ఎంత?"
మూడు లక్షల ముప్ఫై ఆరు వేలు, అన్న.
"తరుగు పోను?"

నాలుగేండ్లల ఏ సారూ అడగని ప్రశ్న.

ఆ రాత్రి కరెంటు బిల్లు వెనుక
నేను రాసుడు, ఆయన గట్టిగ చదువుడు.
నెలకు ఇరవై ఎనిమిది వేలు.
పీఎఫ్ల కంపెనీ వాటా కూడా నాదాంట్లకెళ్లే కోసిన్రు.
గ్రాట్యుటీ అట. ఇన్సూరెన్స్ అట.
పనితనం నచ్చితే ఏడాది చివర ఇస్తరట ఇంకింత.
"తాలు కింద పక్కకు నూకిన్రన్నట్టు" అన్నడు నాన్న.
చేతికి ఇరవై ఒక్క వేల నాలుగు వందలు.

అటు పళ్లెంల
హన్మకొండ బ్యాంకుల తెచ్చిన ఆరు లక్షలు.
నేను చదువుతుంటే అదీ నా వెంబడే చదివింది,
ఏడు లక్షల పద్దెనిమిది వేలయింది.
నాకు రెండు బ్యాక్‌లాగులున్నయి.
వడ్డీకి ఒక్కటి లేదు.

పదేండ్లు, నెల నెలకు
తొమ్మిది వేల ఆరు వందల ఎనభై ఎనిమిది.
మాదాపూర్ల ముగ్గురుండే రూముల ఒక మంచానికి ఏడున్నర వేలు.
మిగిలింది నాలుగు వేల రెండు వందల పన్నెండు.
దాని చుట్టూ పెన్సిల్‌తోని సున్నా చుట్టిండు నాన్న.
"ఇగ ఇందుల నువ్వు తినాలె, తిరగాలె,
జరమొస్తె గోలేసుకోవాలె."
నవ్విండు. నేను నవ్విన.
అమ్మ మాత్రం బిల్లు మలిపి
కరెంటు ఎంతొచ్చిందో చూసింది.

గీ లెక్కంతా తారీఖు వస్తెనే.
కాగితంల అన్నీ ఉన్నయి,
ఏ దినం రావాల్నో ఒక్కటే లేదు.
త్వరలో తెలుపుతాం, అన్నరు.
తొమ్మిది నెలలాయె.
నాతోని సెలెక్టయిన ఫర్హీన్
కాజీపేట దర్గా కాడ జిరాక్స్ మిషన్ నడుపుతంది.
"దినాం మనసొంటోళ్ల మార్కుల మెమోలేనే" అంటది,
"వేడి వేడిగ బయటికొస్తున్నయి."

వడ్డీ రోజుకు రెండు వందల ఆరు రూపాయలు.
నాన్న కాంటాకు పెట్టే బస్తాకు నాలుగు.
అంటే యాభై రెండు బస్తాలు బ్యాంకుకు,
మిగిలిన రెండు రూపాయలు మాకు.
గా రెండు రూపాయలకు
మార్కెట్ గేటు కాడ సగం ఛాయ్ కూడా పొయ్యరు.

ఇప్పుడు నేను అడ్తి దుకాణంల కంప్యూటర్ ముంగట కూసుంటున్న.
తొమ్మిది వేల జీతం. కిస్తు కన్నా
ఆరు వందల ఎనభై ఎనిమిది తక్కువ.
నాన్న తూకం చెప్తడు, నేను కొడత.
సేటు అడిగితే ఒక ఫార్ములా రాసిచ్చిన:
పాయింట్ తర్వాత ఏమున్నా కనబడదు.
నలభై ఒకటి పాయింట్ ఎనిమిది అయిదు, నలభై ఒకటే.
బీటెక్ అయినంక నేను రాసిన మొదటి ప్రోగ్రామ్.
సేటు ఖుషీ అయి సమోస తెప్పిచ్చిండు.

ఇయ్యాల నెక్కొండ దిక్కు తండా నుంచి
హర్యా వచ్చిండు, ఇరవై మూడు బస్తాలతోని.
ఘాటుకు ఇద్దరం తుమ్మినం.
"ఓదెలన్న బిడ్డవా? కంప్యూటర్ చదివినవట గదా.
మా పోరన్ని గూడ అందుల్నే ఏద్దామనుకుంటున్న,
సీటుకు లోను ఇస్తమంటున్నరు.
ఏమంటవ్ బిడ్డా, గిట్టుబాటైతదా?"

నాన్న కాంటా కాడ ఆగి నా దిక్కు చూసిండు.
ముల్లు నిలిచేదాకా ఎట్ల చూస్తడో అట్ల.

ఏమో తాతా, అన్న. అంతకన్న నోరు లేవలేదు.
చీటీ ప్రింట్ తీసే ముందు
ఫార్ములా తీసేసిన.

హర్యా చీటీ మడిచి జేబుల పెట్టుకున్నడు, చదవలేదు.
అందుల ఇరవై మూడు వరుసలల్ల
పాయింట్లు, పాయింట్ల పక్కన అంకెలు.
సేటు అన్నం తిని ఇంకా రాలేదు.